డబ్బా మనది, తాళంచెవి ఎవరిది?

చిన్న వ్యాపారాలకి "అన్నీ ముందే అమర్చి పెట్టిన" లినక్సు డబ్బాలు అమ్మేవాళ్ళ మీద నాకు కోపం లేదు. డబ్బా మంచిదే. దాని తాళంచెవి కొన్నవాడికి ఇవ్వకపోవడం మీదే నా కోపం. అంతకంటే పెద్ద కోపం ఇంకోటుంది. ఆ తాళంచెవి అడగాలని తెలిసీ, ఊళ్ళోవాళ్ళు సలహా అడిగితే "ఏదో ఒక బ్రాండెడ్ బాక్సు పెట్టించెయ్యండి అంకుల్" అనేసి చేతులు దులుపుకునే మన ఐటీ జనం మీద. ఈ టపా వాళ్ళ గురించే. అంటే మన గురించే.

ముందు ఏ డబ్బా గురించి మాట్లాడుతున్నానో చెప్పాలి. లావుపాటి డిక్షనరీ అంత ఉంటుంది. లోపల చిన్న ప్రాసెసరు, ఒకటో రెండో డిస్కులు. వెనక నాలుగైదు నెట్‌వర్కు పోర్టులు. ఆఫీసులో ఉన్న నాలుగు కంప్యూటర్లకీ ఇంటర్నెట్టు పంచుతుంది, ఫైర్‌వాల్ పని చేస్తుంది, ఫైళ్ళన్నీ ఒకచోట దాస్తుంది, రాత్రికి బ్యాకప్ తీస్తుంది. మూత తీసి చూస్తే అన్నీ మనకి తెలిసిన మొహాలే: లినక్సు కెర్నలు, సాంబా, ఓపెన్ వీపీఎన్, ఐపీటేబుల్స్. పైన ఒక రంగురంగుల వెబ్ పేజీ. "ప్లగ్గులో పెట్టండి, ఇక మరిచిపోండి" అని అమ్ముతారు. అమ్మినవాడు నిజంగానే మరిచిపోతాడు, అది వేరే సంగతి :-)

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1998లో అమెరికాలో కోబాల్ట్ నెట్‌వర్క్స్ అనే కంపెనీ "క్యూబ్" అని ఒక నీలం రంగు డబ్బా తెచ్చింది. ఏ పక్కనుంచి కొలిచినా జానెడు ఉండదు. మానిటరు లేదు, కీబోర్డు లేదు. వెనక ఒక చిన్న తెర, కొన్ని బటన్లు. అక్కడ ఐపీ అడ్రసు నొక్కితే చాలు, మిగతాదంతా బ్రౌజరులోనే. మెయిలు, వెబ్బు, ఫైళ్ళు అన్నీ అదే చూసుకునేది. 1999 నవంబరులో ఆ కంపెనీ షేరు 22 డాలర్లకి మార్కెట్లోకొచ్చి మొదటిరోజే 128 డాలర్ల దగ్గర ఆగింది. 2000లో సన్ మైక్రోసిస్టమ్స్ దాదాపు 200 కోట్ల డాలర్ల విలువకి దాన్ని కొనేసింది. 2003కల్లా ఆ డబ్బాల కథ ముగించేసింది. మొత్తం అయిదేళ్ళ ముచ్చట.

కానీ ఆ కథలో నాకు నచ్చిన ముక్క ఒకటుంది. డబ్బాలు ఆపేశాక ఆ వెబ్ ఇంటర్‌ఫేసు కోడుని సన్ స్వేచ్ఛా లైసెన్సు కింద బయటికి వదిలింది. వాడుకునేవాళ్ళు దాన్ని పట్టుకుని బ్లూక్వార్ట్జ్ అన్నారు, ఆ తరవాత బ్లూఆనిక్స్ అన్నారు, ఏళ్ళ తరబడి నడుపుకున్నారు. కంపెనీ పోయినా డబ్బాలోని పని బతకొచ్చు. కోడూ తాళంచెవీ బయట ఉండాలంతే. నా వాదన మొత్తం ఇదే. కింద రాసేదంతా దానికి వివరణ.

ఇక మా వైపు సంగతి. మాది తోటపల్లి గూడూరు మండలం. నెల్లూరు నుంచి తూర్పుకి, సముద్రం వైపు వస్తే తగుల్తుంది. కోడూరు బీచి మా మండలంలోదే. దక్షిణాన ముత్తుకూరు మండలం, అందులో కృష్ణపట్నం పోర్టు. ఒక పక్క పెన్నా నీళ్ళతో వరి, ఇంకో పక్క ఉప్పునీళ్ళతో రొయ్యల గుంటలు. బయటివాళ్ళు పల్లెటూరు అనుకుంటారు గానీ ఇక్కడ తిరిగే డబ్బు చూస్తే హైదరాబాదులో స్టార్టప్పు పెట్టినవాడు కూడా నోరు తెరుస్తాడు. మేత డీలర్లు, సీడు అమ్మే హేచరీలు, ఐసు ఫ్యాక్టరీలు, రైసు మిల్లులు, ఏరేటర్ల షాపులు - అన్నిచోట్లా కంప్యూటర్లున్నాయి, అన్నిట్లో ట్యాలీ ఉంది. ఒక్కరి దగ్గర కూడా సిస్టమ్ అడ్మిన్ అనే ప్రాణి లేడు.

మేత వ్యాపారం ఎలా నడుస్తుందో తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను, ఎందుకంటే ఇక్కడ పోయేదేమిటో అప్పుడే అర్థమవుతుంది. గుంట వేసిన రైతుకి డీలరు మేత అప్పు మీద ఇస్తాడు. వనామీ రొయ్య చేతికి రావడానికి మూడు నాలుగు నెలలు. ఆ మూడు నాలుగు నెలలూ బస్తాలు పోతానే ఉంటాయి, డబ్బులు రావు. పట్టుబడి రోజున కౌంటు తేలాక, కొన్నవాడు డబ్బిచ్చాక అప్పుడు లెక్క తీరుస్తారు. మధ్యలో వైరస్ వస్తే సగం తీరుస్తారు, మిగతాది వచ్చే పంటకి పోతుంది. అంటే ఆ డీలరు ఆస్తి గోడౌన్లో ఉన్న బస్తాలు కాదు. ఎవరెంత బాకీ అన్న లెక్క. ఆ లెక్క పోతే డబ్బొక్కటే పోదు, ఊళ్ళో మాట పోతుంది. "నేను పోయినసారే కట్టేశాను కదా" అని ఒకడంటాడు. కట్టలేదని నిరూపించేదేదీ ఉండదు. మొహమాటానికి ఒకటి, తగాదాకి ఒకటి, రెండు సంబంధాలు తెగుతాయి.

"ఇంతదానికి డబ్బా ఎందుకు, క్లౌడులో పెట్టుకోవచ్చుగా" అంటారు మనవాళ్ళు. గచ్చిబౌలిలో కూర్చుని అనడం తేలికే. మా వైపు నెట్టు ఎలా వస్తుందో ఒకసారి తలెత్తి చూడండి. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్టుని రాష్ట్రపతి చేతుల మీదుగా ఘనంగా ప్రారంభించారు. తక్కువ ఖర్చుతో ఊరూరికీ చేర్చాలని ఆ తీగని ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. ఖర్చు లెక్కలో అది సరైన నిర్ణయమే. కానీ తుపాను వస్తే స్తంభం పడుతుంది. స్తంభం పడితే కరెంటూ నెట్టూ కలిసే పోతాయి. 2021 నవంబరులో పెన్నా వరదకి నెల్లూరు అవతల పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు మా జిల్లాని ముంచి పోయింది. అలాంటి రోజుల్లో జనరేటరు వేసుకుని ఏరేటర్లు తిప్పుకుంటాం, మేత బస్తాలు ఇస్తూనే ఉంటాం. బిల్లు రాయడానికి మాత్రం ముంబైలోని డేటా సెంటరు పలకాలా?

క్లౌడు వద్దనడం లేదు. మెయిలు అక్కడే ఉండాలి. బ్యాకప్ ఒక కాపీ ఊరు దాటి ఉండాలి, లేకపోతే ఆ వరదలోనే అదీ పోతుంది. జీఎస్టీ ఇ-ఇన్వాయిస్ నెట్టు లేకుండా అవదు. 2023 ఆగస్టు నుంచి 5 కోట్ల టర్నోవరు దాటినవాళ్ళలో చాలామందికి అది తప్పనిసరి. మా వైపు ఓ మోస్తరు మేత డీలరు కూడా ఆ గీత దాటేస్తాడు. అయినా రోజువారీ పని మాత్రం పక్కగదిలో ఉన్న యంత్రం మీద నడవాలి. తీగ తెగినా నడవాలి. అందుకే డబ్బా కావాలంటున్నాను. చిన్నదై ఉండాలి, కరెంటు తక్కువ తాగాలి, ఇన్వర్టరు మీద గంటలకొద్దీ నిలవాలి. లినక్సుకి ఇంతకన్నా తగిన పని ఇంకోటి లేదు.

మరి గొడవెక్కడ?

మా చిన్నాయనది మేత షాపు. షాపులో రెండు కంప్యూటర్లు, గోడౌన్లో ఒకటి, ఇంట్లో ఒకటి. కొన్నేళ్ళ క్రితం ఒక అమ్మకందారు వచ్చి ఇలాంటి డబ్బా ఒకటి అంటగట్టాడు. పేరు చెప్పను, పేరు ముఖ్యం కాదు, అలాంటివాళ్ళు వీధికొకరున్నారు. మొదట్లో బాగానే ఉంది. ట్యాలీ డేటా అందులో పెట్టారు, నాలుగు కంప్యూటర్లూ దాన్నే చూసేవి. పాస్‌వర్డు అమ్మినవాడి దగ్గరే ఉంది. అడిగితే "మీకెందుకు సార్, ఏదైనా అయితే మేం చూసుకుంటాం గదా" అన్నాడు. మూడేళ్ళయ్యాక లైసెన్సు రెన్యువల్ అని కొన్న ధరలో సగం అడిగారు. చిన్నాయన కట్టలేదు. అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆ తరవాత ఏడాది, సరిగ్గా పట్టుబళ్ళ సమయంలో, ఒకరోజు పొద్దున డబ్బా వెలగలేదు.

బోర్డు పోయింది. సముద్రానికి అంత దగ్గర్లో ఉప్పుగాలికి ఏ బోర్డయినా పోతుంది, అందులో వింతేం లేదు. డిస్కు మాత్రం శుభ్రంగా ఉంది. నేను బెంగుళూరు నుంచి వచ్చి డిస్కు తీసి నా లాప్‌టాపుకి తగిలించాను. అంతా ఎన్‌క్రిప్టెడ్. చెవి ఎక్కడుంది? బోర్డు మీద చిప్పులో ఉంది. ఆ చిప్పు చచ్చింది. డిస్కు బతికుంది, డేటా బతికుంది, చదివే దారి మాత్రం లేదు. బ్యాకప్? అది కూడా ఆ డబ్బాలోనే రెండో డిస్కు మీద, అదే చెవితో. అమ్మినవాడికి ఫోను చేస్తే "ఆ మోడలు ఆపేశాం సార్, కొత్త మోడలు తీసుకోండి" అన్నాడు. పాత డేటా సంగతి అడిగితే సెక్యూరిటీ మీద నాకే ఒక ఉపన్యాసం ఇచ్చాడు. దొంగోడి నుంచి కాపాడే తాళం ఇంటాయన్నే బయట నిలబెడితే దాన్ని సెక్యూరిటీ అంటారా?

మా చిన్నాయన ఒకటే మాటన్నాడు: "అబ్బయా, ఆ డబ్బాలో ఏముండాదో నాకు తెల్దు. తెలవాల్సిన పని గూడా లేదు. నా లెక్క నాక్కావాల, అంతే."

ఇంత స్పష్టమైన రిక్వైర్‌మెంటు నేను ఏ క్లయింటు నోటా వినలేదు. చివరికి ఆ సీజను లెక్కని కాపాడింది గోడౌను గుమాస్తా అలవాటు కొద్దీ రాసుకున్న ఎర్ర అట్ట చిట్టా. బస్తాలు ఎన్ని పోయాయో అందులో ఉంది. డబ్బు ఎంతొచ్చిందో అందులో లేదు. ఆ తేడాని నలుగురు పెద్దమనుషుల ముందు కూర్చుని తెంచుకున్నారు. ఎంత పోయిందో చిన్నాయన నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇక్కడ మనలో కొందరు లేచి "లోపల ఉన్నది లినక్సు కదా, జీపీఎల్ ఉంది కదా, సోర్సు అడగాల్సింది" అంటారు. అడిగాను. "అది మా కంపెనీ రహస్యం" అని జవాబొచ్చింది. లినుస్ టోర్వాల్డ్స్ రహస్యం వీళ్ళ దగ్గర ఎప్పుడు దాచుకున్నాడో మరి! సరే, పోరాడి సోర్సు తెచ్చుకున్నామే అనుకుందాం. దానివల్ల మా చిన్నాయన డిస్కు తెరుచుకోదు. లైసెన్సు కోడు ఇమ్మంటుంది, చెవి ఇమ్మనదు.

జీపీఎల్ మూడో వెర్షనుకి ఈ సమస్య తెలుసు. 2007లో దాన్ని రాసినప్పుడే, మార్చిన సాఫ్టువేరుని తిరిగి అదే పరికరంలోకి ఎక్కించడానికి కావలసిన సమాచారం కూడా ఇవ్వాలని షరతు పెట్టారు. అయితే ఆ షరతు ఇంటివాడకం సరుకులకి మాత్రమే. వ్యాపారాలకి అమ్మే పరికరాలు ఆ నిర్వచనంలోకి రావు. పైగా లినక్సు కెర్నలు ఇప్పటికీ రెండో వెర్షను కిందే ఉంది. పెద్ద కంపెనీలకి లాయర్లున్నారు, కాంట్రాక్టులో రాయించుకుంటారు. ఇంట్లో వాడుకునేవాడికి లైసెన్సులో కొంత రక్షణ ఉంది. మధ్యలో ఉన్న మేత షాపువాడికి ఇటు లాయరూ లేడు, అటు లైసెన్సూ లేదు. ఆ సందులోనే ఈ వ్యాపారం మొత్తం నడుస్తోంది.

ఇది ఒక్క మా ఊరి గొడవేనా అంటే కాదు. పేరున్న డబ్బాల చరిత్ర చూడండి. సైబరోమ్ అని అహ్మదాబాదులో పుట్టిన ఫైర్‌వాల్ డబ్బాలు మన దేశంలో ఎన్నో ఆఫీసుల్లో ఉండేవి. ఆ డబ్బాలన్నిటిలోనూ సర్టిఫికెట్లు పుట్టించే రహస్య చెవి ఒకటేనని 2012లో టోర్ ప్రాజెక్టువాళ్ళు బయటపెట్టారు. అంటే ఒక డబ్బాలోంచి చెవి తీసినవాడు అలాంటి ఏ డబ్బా వెనక ఉన్నవాళ్ళ ట్రాఫిక్కునైనా చూడొచ్చు. రచ్చ అయ్యాక కంపెనీ దేని చెవి దానికి ఉండేలా సరిచేసింది. "ముందే అమర్చి పెట్టడం" అనే సుఖానికి అసలు ధర అది. అందరికీ ఒకేలా అమర్చారంటే, అందరికీ ఒకే తాళం వేశారని అర్థం.

వెస్టర్న్ డిజిటల్ వాళ్ళ మై బుక్ లైవ్ అనే డబ్బాలకి 2015తో అప్‌డేట్లు ఆగిపోయాయి. 2021 జూన్‌లో ఎవడో నెట్టు మీద నుంచి వాటికి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాడు. జనం పొద్దున లేచి చూసుకుంటే ఏళ్ళనాటి ఫైళ్ళు మాయం. 2024 ఏప్రిల్లో డీలింక్ వాళ్ళ పాత స్టోరేజి డబ్బాల్లో, కోడులోనే రాసిపెట్టిన, పాస్‌వర్డు లేని దొంగ ఎకౌంటు ఒకటి బయటపడింది. కంపెనీ ఏమంది? ఆ మోడళ్ళ ఆయుష్షు తీరిపోయింది, సరిచేయం, పక్కన పడేసి కొత్తవి కొనుక్కోండి అంది. దాని మాట ప్రకారం దానికి ఆయుష్షు తీరింది. డబ్బా మాత్రం తిరుగుతూనే ఉంది, లోపల ఎవరివో లెక్కలూ ఉన్నాయి.

ఇప్పుడు దీని పక్కన ఇంకో అంకె పెట్టండి. జీఎస్టీ చట్టం ప్రకారం వ్యాపారి తన లెక్కల్ని ఆ ఏడాది వార్షిక రిటర్నుకి గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. అంటే ఆరేళ్ళు. ఆ లెక్కలు దాచే డబ్బాకి వారంటీ ఏడాది, మహా అయితే మూడేళ్ళు. చట్టం వ్యాపారిని ఆరేళ్ళు బాధ్యుణ్ణి చేస్తుంది, డబ్బావాడు మూడో ఏడే జెండా ఎత్తేస్తాడు. మిగతా మూడేళ్ళూ ఎవరి పూచీ?

యూరోపువాళ్ళు దీన్ని చట్టంతోనే పట్టుకున్నారు. 2024 డిసెంబరులో అమల్లోకొచ్చిన సైబర్ రెసిలియన్స్ యాక్టు ప్రకారం, ఇలాంటి పరికరాలు అమ్మేవాడు మామూలుగా కనీసం అయిదేళ్ళు సెక్యూరిటీ లోపాలు సరిచేయాలి, ఆ గడువు ఎప్పటిదాకానో కొనేముందే చెప్పాలి. ముఖ్యమైన షరతులు 2027 డిసెంబరు నుంచి వర్తిస్తాయి. దాని ప్రభావం మనదాకా ఎప్పుడొస్తుందో చూస్తూ కూర్చుంటే ఇంకో రెండు డబ్బాలు కాలిపోతాయి.

"పాస్‌వర్డు ఇస్తే పల్లెటూరివాళ్ళు పాడుచేసుకుంటారండీ" అన్నది అమ్మేవాళ్ళ శాశ్వత జవాబు. మనలోనూ చాలామంది లోలోపల ఇదే అనుకుంటారు. ఈ మాటకి నాకు నిజంగా ఒళ్ళు మండుతుంది. మా మండలంలో ఏరేటరు మోటారు కాలితే సాయంత్రానికి రివైండింగు చేసి బిగించేవాళ్ళున్నారు. జనరేటరు రాత్రి రెండింటికి ఆగిపోతే, గుంటలో ఆక్సిజను పడిపోయేలోపు లేపి నిలబెట్టేవాళ్ళున్నారు. లక్షల సరుకు ప్రాణం ఆ చేతుల్లో ఉంది. వాళ్ళకి డిస్కు మార్చడం, ఒక కాగితం చూసి రీస్టోరు చేయడం రాదా? మనం నేర్పలేదు, నేర్చుకునే వీలు డబ్బావాడు ఉంచలేదు. అంతే తేడా.

వీటిని "అప్లయన్సు" అనడమే నాకు నవ్వొస్తుంది. మిక్సీ అప్లయన్సు. ఫ్రిజ్జు అప్లయన్సు. అవి పాడైతే నెల్లూరు ట్రంకు రోడ్డులో పది షాపులు బాగుచేస్తాయి. ఫ్రిజ్జు కంపెనీ మూతపడిందని లోపలున్న పాలు బయటికి రాకుండా పోవు. ఈ డబ్బాకి ఆ పేరు పెట్టుకునే అర్హత రావాలంటే ముందు ఊళ్ళో మెకానిక్కు దాన్ని విప్పగలగాలి.

అలా చేసి బతకడం కుదురుతుందా అంటే, కుదురుతుందని చూపించినవాళ్ళున్నారు. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రూటరు 2002 చివర్లో వచ్చింది. లోపల లినక్సు ఉందని జనం 2003లో పట్టుకున్నారు, ఒత్తిడి తెచ్చి సోర్సు బయటికి లాగారు. ఆ కోడు నుంచే 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది. ఇరవై ఏళ్ళ తరవాత, 2024లో, వాళ్ళే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వన్ అని సొంత రూటరు తయారు చేయించారు. అందులో నాకు అన్నిటికన్నా నచ్చింది దాని వేగం కాదు. అప్‌డేటు మధ్యలో చెడినా తిరిగి లేపడానికి వేరే చిప్పు, పక్కన ఒక స్విచ్చి పెట్టారు. కొన్నవాడు కెలుకుతాడని భయపడి తాళం వేయలేదు. కెలికితే లేపుకునే దారి పెట్టారు. అమ్మడం అంటే అది.

ఇంకొకటి మనకి మరీ దగ్గరిది, ఫ్రీడమ్‌బాక్స్. 2010లో ఎబెన్ మోగ్లెన్ అనే లా ప్రొఫెసరు న్యూయార్కులో చేసిన ప్రసంగంతో మొదలైంది. ప్రతి ఇంట్లో ఒక చిన్న డబ్బా, అందులో స్వేచ్ఛా సాఫ్టువేరు, ఎవరి డేటా వాళ్ళింట్లోనే. దాన్ని డెబియన్ మీద ముందుకు నడిపిస్తున్నవాళ్ళలో ముఖ్యుడు సునీల్ మోహన్ అడపా. మన హైదరాబాదు స్వేచ్ఛ సంస్థ వాళ్ళు తెలంగాణ పల్లెల్లో వైఫై పంచడానికి కూడా దాన్ని వాడారు. దాని వెబ్ పేజీలకి తెలుగు అనువాదమూ ఉంది. 2019లో బల్గేరియాలోని ఒలిమెక్స్ కంపెనీ అమ్మిన ఫ్రీడమ్‌బాక్స్ కిట్టులో కరెంటు పోతే నిలబడడానికి ఒక బ్యాటరీ కూడా పెట్టారు. మన ఊళ్ళకి చేసినట్టే లేదూ?

ఉన్నదున్నట్టు చెప్పాలి కాబట్టి, ఫ్రీడమ్‌బాక్స్ మేత షాపు కోసం చేసినది కాదు. దాని మనసు ఇంటి మీద, వ్యక్తి స్వేచ్ఛ మీద ఉంది. గోడౌను లెక్క మీద కాదు. ట్యాలీ దానిలో నడవదు, అది విండోసు కంప్యూటరు మీదే నడవాలి. కానీ డేటా ఫోల్డరు ఉంచడానికి, నెట్టు పంచడానికి, రోజూ బ్యాకప్ తీయడానికి మామూలు డెబియనూ సాంబా చాలు. ఇవన్నీ పాత విద్యలు. పాతవి కాబట్టే నమ్మొచ్చు.

కాబట్టి, ఎవరైనా మీ చుట్టాల్లో ఇలాంటి డబ్బా కొంటున్నామంటే, ఈ అయిదు షరతులు ఇన్వాయిస్ మీదే రాయించండి. రాయనంటే కొనొద్దు.

1. రూట్ పాస్‌వర్డు యజమానికి సీలు కవరులో ఇవ్వాలి. అమ్మినవాడు తన ఎకౌంటు వేరే పెట్టుకోవచ్చు, యజమాని దాన్ని ఎప్పుడైనా ఆపగలగాలి.

2. ఆఖరి వాయిదా కట్టేముందు డబ్బాలోంచి డిస్కు బయటికి తీసి, వేరే కంప్యూటరుకి తగిలించి, ఒక ఫైలు తెరిచి చూపించాలి. ఎన్‌క్రిప్షను ఉంటే మంచిదే, దాని చెవి కాగితం మీద యజమాని బీరువాలో ఉండాలి. ఈ ఒక్క పరీక్షకే సగంమంది అమ్మకందార్లు ఫోను ఎత్తడం మానేస్తారు, చూడండి.

3. అప్‌డేట్లు ఏ తేదీదాకా ఇస్తారో బిల్లు మీద రాయాలి. ఆ తేదీ తరవాత అందులో మామూలు డెబియనో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీనో ఎక్కించుకునే వీలుండాలి.

4. ప్రతి డబ్బాకి దాని పాస్‌వర్డు, దాని చెవులు వేరుగా ఉండాలి. పెట్టె మీద "అడ్మిన్, అడ్మిన్" అని అచ్చేసి ఉంటే వెనక్కి పంపండి. 2016లో మిరాయ్ అనే పురుగు ఇలాంటి కంపెనీ పాస్‌వర్డుల జాబితా పట్టుకునే లక్షల కెమెరాల్లో, రూటర్లలో దూరింది.

5. బ్యాకప్ డబ్బా బయటికి రావాలి. ఒక డిస్కు ఇంట్లో, ఒక కాపీ ఊరి బయట. రెండు డిస్కులు ఒకేలా రాసుకోవడం బ్యాకప్ కాదు, తప్పు రాస్తే రెండూ ఒకేలా తప్పు రాస్తాయి. మూడు నెలలకోసారి వేరే యంత్రం మీద రీస్టోరు చేసి చూడాలి. ఎలా చేయాలో తెలుగులో ఒక పేజీ రాసి గోడకి అంటించాలి.

"ఇలాగైతే అమ్మేవాళ్ళకేం మిగుల్తుంది?" అని అడుగుతారు. పని మిగుల్తుంది. ఏడాదికి ఇంతని తీసుకుని వచ్చి చూసి, అప్‌డేట్లు వేసి, బ్యాకప్ పరీక్షించి పోండి. మా వైపు గుంటల నీళ్ళు పరీక్ష చేసే టెక్నీషియనుకి మనస్ఫూర్తిగా డబ్బిస్తారు. వాడు పనికొస్తాడు కాబట్టి ఇస్తారు, గుంట తాళం వాడి జేబులో ఉందని కాదు. పని చేతగానివాడే తాళాన్ని నమ్ముకుంటాడు.

ఇక మన సంగతి. పగలంతా ఆఫీసులో "వెండర్ లాకిన్" మీద స్లైడ్లు వేస్తాం. అమెరికాలో క్లయింటుకి డిజాస్టర్ రికవరీ ప్లాను వంద పేజీలు రాస్తాం, ఏడాదికి రెండుసార్లు డ్రిల్లు చేయిస్తాం, ఒక్క అంశం తప్పితే ఎస్కలేషను. అదే మన చిన్నాయనో, మేనమామో, బావో సలహా అడిగితే అయిదు నిమిషాలు ఫోన్లో మాట్లాడి అమెజాన్లో లింకు పంపిస్తాం. ఆ క్లయింటుకి మనం కాకపోతే ఇంకో కంపెనీ ఉంది. వీళ్ళకి మనం కాకపోతే డబ్బా అమ్మేవాడొక్కడే ఉన్నాడు.

సంక్రాంతికి ఊరెళ్తారుగా? ఒక పూట చాలు. తెలిసినవాళ్ళ షాపుకి వెళ్ళి ఆ మూల దుమ్ము పట్టిన డబ్బా ఏమిటో చూడండి. రూట్ పాస్‌వర్డు ఎవరి దగ్గరుందో అడగండి. డిస్కు తీస్తే తెరుచుకుంటుందో లేదో చూడండి. తెరుచుకోకపోతే, అది ఇంకా వెలుగుతూ ఉండగానే డేటా బయటికి తీసి పెట్టండి. అప్పుడు తీరిగ్గా అమ్మినవాడికి ఫోను చేసి తాళంచెవి అడగండి. మర్యాదగానే అడగండి, కానీ ఇచ్చేదాకా ఫోను పెట్టొద్దు.